ఎవరినీ ఆశ్చర్యపరచరాదు

పొట్నూరు చంద్రమౌళి తన ఉద్యోగ జీవితంలో గొప్ప వాక్యం ఒక్కటే రాశాడు. దానికి ఫలంగా మొదట పదవి వచ్చింది, ఆ తర్వాత గది వచ్చింది, ఆపైన రావలసినవన్నీ వచ్చాయి.

గాజువాక అవతల ఆసుపత్రి మంచాలు తయారుచేసే కంపెనీలో అతను ఇంజనీరు. అక్కడ మంచాల చట్రాలను రెండు రోబోలు వెల్డింగ్ చేస్తాయి. నడుస్తున్నంతసేపూ అవి ఆపరేషన్స్ వాళ్ళవి, చెడిపోతే ఇంజనీరింగ్ వాళ్ళవి. ఈ పంపకంతో చాలాకాలం ఏ గొడవా లేకుండానే గడిచింది. నడుస్తున్న రోబోను ఇంకా బాగా నడిపించాలని ఇంజనీరింగ్ వాళ్ళకు బుద్ధి పుట్టడంతో చిక్కు మొదలైంది.

ఒక మంగళవారం ఆపరేషన్స్ వాళ్ళు భోజనానికి వెళ్ళిన ముప్పావుగంటలో ఇంజనీరింగ్ వాళ్ళు రెండో రోబో మీద ఒక ప్రయోగం చేశారు. కరెంటు పెంచి చూశారు. చూసి, ముచ్చటపడి, పెంచింది తగ్గించడం మర్చిపోయి వాళ్ళూ భోజనానికి వెళ్ళిపోయారు. చేతులు కడుక్కుని వచ్చిన ఆపరేషన్స్ వాళ్ళు యథాప్రకారం మీట నొక్కారు. సాయంత్రానికి నలభై మంచాల కాళ్ళు కాలి చిల్లులు పడ్డాయి.

జనరల్ మేనేజర్ దక్షిణామూర్తి గారు రెండు పక్షాలనూ పిలిపించారు. "కాళ్ళు చిల్లులు పడ్డందుకు నాకు బాధ లేదు. నాకు ముందస్తు సమాచారం లేకుండా చిల్లులు పడ్డాయే, అది బాధించింది. ఇక్కడ లోపించినది వెల్డింగ్ కాదు, సమన్వయం" అన్నారు.

ఆ సమన్వయానికి నిబంధనలు రాసే పనికి చంద్రమౌళిని ఎంపిక చేశారు. అతను ఆరేళ్ళు ఇంజనీరింగ్‌లోనూ అయిదేళ్ళు ఆపరేషన్స్‌లోనూ పనిచేశాడు. ఇంజనీరింగ్ వాళ్ళు అతన్ని ఆపరేషన్స్ మనిషి అనేవారు. ఆపరేషన్స్ వాళ్ళు ఇంజనీరింగ్ మనిషి అనేవారు. ఎవరూ తమవాడని చెప్పుకోని ఈ స్థితిని దక్షిణామూర్తి గారు తటస్థత అన్నారు. చంద్రమౌళికి కూడా ఆ మాట విన్నాక తన పదకొండేళ్ళ అనాథతనం ఒక అర్హతలా కనిపించింది.

మూడు రోజులు కూర్చుని నిబంధనలు రాశాడు. మొత్తం తొమ్మిది. ఎనిమిదింటిని ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చాడు గానీ, నాలుగోది మాత్రం సొంత బుర్రలోంచి వచ్చింది: "ప్రయోగ ఫలితం ఏ పక్షాన్నీ ఆశ్చర్యపరచరాదు." రాసిన తర్వాత కలం పక్కన పెట్టి దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. అయిదోసారి బయటికి చదివాడు. దక్షిణామూర్తి గారు ఆ వాక్యాన్ని అద్దం కట్టించి షెడ్డు గోడకు తగిలించారు, రాసినవాణ్ణి సమన్వయకర్తను చేశారు.

పదవికి గది కావాలి కదా. సమన్వయకర్త గది ఏ పక్షానికీ దగ్గరగా ఉండకూడదని టేపు పెట్టి కొలిచారు. ఇంజనీరింగ్ గదికీ ఆపరేషన్స్ బల్లకూ సరిగ్గా సమదూరం వచ్చిన చోటు రెండో రోబో వెనక తేలింది. అక్కడే నాలుగు వైపులా అద్దాలతో గది లేపారు. లోపల ఏసీ బిగించారు. ఏసీ బయటి పెట్టెను షెడ్డు వెలుపల పెట్టాలంటే గోడకు కన్నం వెయ్యాలి, కన్నానికి సివిల్ విభాగం అనుమతి కావాలి, కాబట్టి అది షెడ్డు లోపలే ఉండిపోయింది. చంద్రమౌళి అందులో కూర్చున్న మొదటిరోజు రెండు పక్షాలవాళ్ళూ అద్దాల్లోంచి తొంగి చూసి వెళ్ళారు. గౌరవంతో చూశారని అతను అనుకున్నాడు.

నెల తిరక్కుండానే మొదటి సమన్వయ సమావేశం పెట్టవలసి వచ్చింది. ఇంజనీరింగ్ తరఫున హిమబిందు వచ్చింది. గుంటూరు పిల్ల, వెల్డింగ్‌లోనే పెద్ద చదువు చదివింది. ఆపరేషన్స్ తరఫున సూపర్‌వైజర్ గొంప సింహాచలం వచ్చాడు. రోబోలు రాకముందు ఇరవై ఆరేళ్ళు చేత్తో వెల్డింగ్ చేసిన మనిషి. నిప్పురవ్వలు పడి ముంజేతుల మీద తెల్లటి చుక్కలుంటాయి.

"మూడు వారాలుగా రెండో రోబో అతుకుల్లో సన్నటి బెజ్జాలు పడుతున్నాయి సార్" అంది హిమబిందు. "కాలికీ పక్క పట్టీకీ మధ్య అతుకు. మనిషి బరువంతా దానిమీదే ఉంటుంది. ఎందుకు పడుతున్నాయో తెలియట్లేదు. రోబోని రెండు గంటలు నాకిస్తే కరెంటు మార్చి చూస్తాను."

"సంతకం ఎడతానమ్మా, నాకేటి?" అన్నాడు సింహాచలం. "ఏటి ఫలితమొస్తాదో ముందు సెప్పు."

"అది తెలుసుకోడానికేగా చేసేది!"

"తెలవకుండా మిషను ఎలాగిచ్చేస్తానమ్మా? మొన్న తెలవకుండానే కదేటి నలభై మంచాల కాళ్ళు ఎగిరిపోనాయి? అదిగో, గోడమీద రాసేసి ఉంది, ఆశ్చర్యపరచకూడదని."

ఇద్దరూ చంద్రమౌళి వైపు తిరిగారు. ఏసీ చల్లగా ఉంది. ఏదో ఒకటి తేల్చి ఇద్దర్నీ ఒప్పించాలన్న ఆరాటం తప్ప అతని మనసులో ఆ క్షణంలో వేరే ఏమీ లేదు.

"మీ అంచనా ఏమిటమ్మా? బెజ్జాలు ఎంత తగ్గొచ్చు?" అని అడిగాడు.

"తగ్గితే ఓ నలభై శాతం తగ్గొచ్చేమో."

"మీరేమంటారు?"

"పదికి మించదు" అన్నాడు సింహాచలం.

"అయితే ఇరవై అయిదు" అన్నాడు చంద్రమౌళి. "ఇద్దరికీ సమ్మతమేనా?"

అనడం పూర్తయ్యాక గానీ తానేం అన్నాడో అతనికి తెలియలేదు. తెలిసేలోగా హిమబిందు ఎలాగైనా రోబో దొరికితే చాలని సంతకం పెట్టేసింది. సింహాచలం కూడా పెట్టి, చంద్రమౌళిచేత పెట్టించి, కాగితం తిరగేసి చూసి, ఎంతో అమాయకంగా అడిగాడు: "మరి ఫలితం మీద ముగ్గురం సంతకాలు ఎట్టీసినాం కదా, ఇంక సెయ్యడం దేనికి బాబూ?"

 తన దగ్గర లేని సమాధానాలను దక్షిణామూర్తి గారిని అడగడం చంద్రమౌళికి అలవాటు.

ఆయన కాగితం చదివి లేచి నిలబడ్డారు. "చూశావా! ఉత్పత్తికి ఒక్క నిమిషం అంతరాయం లేదు. వైరు ఖర్చు లేదు, గ్యాసు ఖర్చు లేదు. ఇరు పక్షాల ఆమోదంతో ఫలితం చేతికొచ్చింది. ఇది అంతరాయరహిత ప్రయోగం, చంద్రమౌళీ! ప్రపంచంలో ఎవరికీ తట్టలేదు."

ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆలోచించవలసింది. చంద్రమౌళి ఆలోచించలేదు. తనకు తట్టిందని సంతోషించాడు.

అక్కణ్ణుంచి ప్రయోగాలు వారానికి నాలుగు చొప్పున సాగాయి. హిమబిందు మొదట అరిచింది, తర్వాత బతిమాలింది, ఆ తర్వాత వంద శాతం అని రాసుకొచ్చి బేరమాడటం మొదలెట్టింది. సింహాచలం రెండు అనేవాడు. చంద్రమౌళి మధ్యలో ఎక్కడో తెంచేవాడు. ఒకసారి పన్నెండున్నర దగ్గర పట్టుదల వచ్చి సమావేశం మూడు పూటలు నడిచింది. ఆ అర శాతాన్ని సాధించిన సాయంత్రం అతను ఇంటికి వెళ్ళి భార్యతో, ఇవాళ చాలా కష్టమైన వెల్డింగ్ ప్రయోగం పూర్తిచేశానని చెప్పాడు.

తనిఖీ విభాగం ఒక్కటే కొరకరాని కొయ్యగా తయారయింది. వాళ్ళు ఏ రోజుకారోజు అతుకులు చూసి బెజ్జాలున్నాయని రాసేవారు. ఇరు పక్షాలూ ఒప్పుకున్న ఫలితానికి విరుద్ధంగా బెజ్జం కనిపించడం ఎంత మాత్రం సబబు కాదు గనక చంద్రమౌళి ఒక సర్క్యులర్ పంపాడు. ముందస్తు ఆమోదం లేని బెజ్జాన్ని ఇకపై బెజ్జమని రాయరాదు, "వివరణ కోసం వేచి ఉన్న ఖాళీ" అని రాయాలి. తనిఖీ విభాగంవాళ్ళకు ఆ మాట రాయడానికి చోటు చాలక, రాయడమే మానేశారు. దాంతో బెజ్జాలు పూర్తిగా తగ్గిపోయినట్టు గ్రాఫు కిందికి దూకింది.

నెలాఖరు సమీక్షకు హెడ్ ఆఫీసునుంచి డైరెక్టర్ గారు వచ్చారు. చంద్రమౌళి తెర మీద లెక్క చూపించాడు. పద్దెనిమిది ప్రయోగాలు, ఒక్కొక్కదానిలో తగ్గిన శాతాలు, అన్నిటి మొత్తం నూట పన్నెండు.

డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నూరు శాతం తగ్గితే బెజ్జాలు సున్నా అయినట్టు. ఆపైన పన్నెండు అంటే ఏమిటి?"

  ఆ ఘడియలో చంద్రమౌళి తప్పు ఒప్పుకునివుంటే పోయేది ఆ పూట పరువొక్కటే. కానీ నోరు అతని అనుమతి లేకుండానే పనిచేసింది. "లేని బెజ్జాలు కూడా పూడుతున్నాయి సార్."

"ముందుచూపు!" అన్నారు దక్షిణామూర్తి గారు వెంటనే. "భవిష్యత్తులో పడబోయే బెజ్జాల నివారణ."

డైరెక్టర్ గారు తలూపి పుస్తకంలో రాసుకున్నారు. ఈ పద్ధతిని మిగతా శాఖల్లో కూడా ప్రవేశపెట్టాలనీ, చంద్రమౌళి వెళ్ళి శిక్షణ ఇవ్వాలనీ తీర్మానమయింది. చప్పట్లు కొట్టారు. చంద్రమౌళి కూడా కొట్టాడు, ఎవరికోసమో గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం అతను షెడ్డులో నడుస్తూ, వరసగా పేర్చిన మంచాల పక్కన ఆగాడు. ఒక కొత్త ప్రసూతి ఆసుపత్రికి మూడు వందలు వెళ్ళాలి, రెండు వందల పన్నెండు తయారయ్యాయి. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని ఒక అతుకు మీద బొటనవేలితో రుద్దాడు. గరుగ్గా తగిలింది. వంగి చూశాడు. చీమలు తొలిచినట్టు వరసగా బెజ్జాలు. వెల్డింగ్ చదివిన మనిషి కాబట్టి అది ఎంతకాలం నిలుస్తుందో అతనికి తెలుసు. తెలిసినా లేచి, వేలు రుమాలుకు తుడుచుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పంతొమ్మిదో ప్రయోగానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

శనివారం పొద్దున హిమబిందు, సింహాచలం కలిసి వచ్చారు. వాళ్ళిద్దరూ ఒకే తలుపులోంచి కలిసి రావడం చంద్రమౌళి అంతవరకు చూడలేదు. తన సమన్వయం ఇన్నాళ్ళకు ఫలించిందని ఒక క్షణం గర్వపడ్డాడు.

"సోమవారం పొద్దున్నే లారీ వస్తోంది సార్" అంది హిమబిందు. "ఆ మంచాలు పంపకూడదు."

"మీరు ఆపరేషన్స్‌తో చర్చించి..."

"సర్చించీసింది, నాతోటే" అన్నాడు సింహాచలం. కూర్చోమన్నా కూర్చోలేదు. "బాబూ, ఇన్నాళ్ళూ రెండు శాతం, మూడు శాతం అని బేరమాడినాను. మిషను ఆగకుండా ఉంటే సాలనుకున్నాను. నా కోడలికి ఏడో నెల. నిన్న ఇంటికెళ్తే కార్డు సూపించింది. పురుటికి పేరు రాయించుకున్నారు. ఏ ఆస్పత్రి అనుకున్నారు? ఈ మంచాలు ఎల్లేదే."

చంద్రమౌళి బల్లమీదున్న కాగితాలను సర్దాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దాడు.

"నాను ఎట్టిన సంతకాలన్నీ ఆ అతుకుల్లో ఉన్నాయి బాబూ. మీయి కూడా ఉన్నాయి. రేపు ఆదివారం, మిషను ఖాళీ. ముగ్గురం కలిసి నిజంగా సేసి సూద్దాం."

"నాలుగో నిబంధన ప్రకారం ఫలితం ముందుగా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తన గొంతు తనకే దక్షిణామూర్తి గారి గొంతులా వినిపించింది. ఫారం లాక్కున్నాడు. అంగీకృత ఫలితం అన్న గడి ఎదుట చాలాసేపు కలం ఆడించి, చివరికి "తెలియదు" అని రాశాడు. పద్దెనిమిది ప్రయోగాల్లో రాయని మాట అది. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

ఆదివారం పదకొండు గంటలకు షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. హిమబిందు పాత కరెంటుతోనే మొదటి అతుకు వేయించింది, పోల్చుకోడానికి. అతుకు చల్లారాక ముగ్గురూ వంగి చూశారు. ఒక్క బెజ్జం లేదు. ఇంకోటి వేయించింది. అదీ లేదు. కరెంటు పెంచింది, తగ్గించింది, వైరు వేగం మార్చింది. పన్నెండు అతుకులూ అద్దాల్లా వచ్చాయి.

"ఏమీ మార్చకుండానే బాగయిపోయిందేంటి?" అని ఆమె నేలమీద కూలబడింది.

"ఇది నన్ను ఆశ్చర్యపరుస్తోంది" అన్నాడు చంద్రమౌళి. ఎవరూ నవ్వలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఫలితం రాసుకొస్తానని చెప్పి గదిలోకి వెళ్ళి, ఏసీ వేసుకుని, హాయిగా ఊపిరి పీల్చి కలం తీశాడు.

రెండు నిమిషాలకు బయట రోబో మళ్ళీ వెలిగింది. వెంటనే ఆగింది. తలెత్తి చూస్తే ఇద్దరూ అద్దాల్లోంచి తనవైపే చూస్తున్నారు. సింహాచలం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "సప్పుడు మారింది" అన్నట్టు ఆమెతో ఏదో చెప్పాడు. రోబో పీఠం దగ్గర పొద్దున పూజకు తెచ్చిన అగరొత్తుల పొట్లం ఉంది. అందులోంచి ఒకటి వెలిగించి రోబో ముక్కు దగ్గర పట్టుకున్నాడు. నిట్టనిలువుగా లేవవలసిన పొగ నిలవకుండా పక్కకు పరుగెత్తింది. దాన్ని పట్టుకుని సింహాచలం పొగకు ఎదురుగా అడుగులో అడుగు వేసుకుంటూ గదివైపే వచ్చాడు. వచ్చి గోడవార ఏసీ పెట్టె ముందు నిలబడ్డాడు. చేత్తో ఏదో సైగ చేశాడు. చంద్రమౌళి కూడా చెయ్యి ఊపాడు.

"ఆపండి బాబూ! ఏసీ! ఆపండి!"

ఆపాడు. అతుకు వేశారు, శుభ్రంగా వచ్చింది. వెయ్యమన్నారు. వేశాడు. అతుకు వేశారు, బెజ్జాలు. మూడుసార్లు అలా ఆపిస్తూ వేయిస్తూ చూశారు. మీట నొక్కుతున్నది చంద్రమౌళి కాబట్టి ఈసారి తనకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేకపోయింది. వేడి లోహానికి గాలి సోకి బెజ్జాలు పడకుండా రోబో ముక్కులోంచి గ్యాసు వదులుతుంది. రెండు పక్షాలకూ సమదూరంలో అతన్ని చల్లగా కూర్చోబెట్టిన ఏసీ, ఆ గ్యాసును రెండు నెలలుగా ఊదేస్తూ వచ్చింది. ఇన్ని వారాలుగా అతను ఏ బెజ్జాల మీద సమావేశాలు పెట్టాడో, ఆ సమావేశాల చల్లదనమే వాటిని పొడిచింది.

హిమబిందు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మొదట ఏడుస్తోందేమో అనుకున్నాడు. నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది. కాసేపటికి సింహాచలం కూడా నవ్వాడు. వాళ్ళు నవ్వుతుంటే తానొక్కడూ గంభీరంగా ఉండటం బాగుండదని చంద్రమౌళి కూడా నవ్వాడు గానీ, నవ్వు మధ్యలో కళ్ళు తడి అయ్యాయి.

దక్షిణామూర్తి గారికి ఫోన్ చేశాడు. ఆయన అంతా విన్నారు.

"ఈ ఫలితం నన్ను ఆశ్చర్యపరిచింది చంద్రమౌళీ."

"నన్ను కూడా సార్."

"సమన్వయకర్త గదే కారణమని రికార్డులో ఎక్కితే సంస్థ ప్రతిష్ఠకు భంగం కదా. ఇందులో ఏసీ వాటా ఒక ముప్పై శాతం అని ఇరు పక్షాలనూ ఒప్పించు. తక్కినది వాతావరణం. సముద్రపు గాలి ఉండనే ఉంది."

నిన్నటివరకు ఇలాంటి మాట వింటే అతను కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టేవాడు. "ఇరు పక్షాలూ ఒప్పుకున్నా గాలి ఒప్పుకోదండి" అన్నాడు. "లారీ ఆపేస్తున్నాను సార్."

"ఎవరి అనుమతితో?"

"రాసి పంపుతాను" అన్నాడు. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. చెమట పట్టింది. ఏసీ వేసుకోబోతే పనిచేయలేదు. అద్దం అవతల సింహాచలం ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటున్నాడు.

సోమవారం లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. బుధవారం చంద్రమౌళికి మెమో వచ్చింది. తానే రూపొందించిన నాలుగో నిబంధనను తానే ఉల్లంఘించి, రెండు విభాగాలనూ యాజమాన్యాన్నీ ఏకకాలంలో ఆశ్చర్యపరిచినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. ఏసీ పెట్టెను ఎక్కడికి మార్చాలో నిర్ణయించడానికి అయిదుగురితో కమిటీ వేశారు. శిక్షణ యాత్ర రద్దయింది. అతన్ని క్షేత్రస్థాయి అవగాహన పెంపొందించుకునే నిమిత్తం షెడ్డులోకి బదిలీ చేశారు. సంజాయిషీలో అతను "జరిగింది నిజమే" అని ఒక్క ముక్క రాశాడు. అద్దం కట్టించే వాక్యం కాదు.

రెండు వందల పన్నెండు మంచాల అతుకులన్నిటినీ గ్రైండర్‌తో తీసేసి మళ్ళీ చేత్తో వెయ్యాలి. అది రోబోకు చేతనయ్యే పని కాదు. సింహాచలం పాత వెల్డర్లను నలుగుర్ని పిలిపించాడు. హిమబిందు తన మనుషుల్ని గ్రైండర్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎవరూ ఎవరి సంతకమూ అడగలేదు. ఎవరు ఏ పక్షమో ముసుగుల వెనక తెలియడం లేదు.

చంద్రమౌళి కూడా ఒక ముసుగు తీసుకున్నాడు. వెల్డింగ్ టార్చి పట్టుకుని చాలా ఏళ్ళయింది. మొదటి అతుకు వంకరపోయింది, రెండోదానికి వైరు అంటుకుపోయింది. మూడోది తిన్నగా నడిచింది. ముసుగు ఎత్తి, ఉఫ్ మని ఊది, తన పనికి తానే మురిసిపోయాడు. "ఎలా ఉంది?" అన్నాడు.

సింహాచలం వంగి చూశాడు. గోరుతో గీకాడు. టార్చిలైటు వేసి ఇటునుంచీ అటునుంచీ చూశాడు. చంద్రమౌళి తన మొహంలోకి ఆశగా చూస్తున్న సంగతి అతనికి తెలుసు.

"బాగోనేదు బాబూ" అన్నాడు. "తీసేసి మళ్ళీ ఎయ్యండి."

చంద్రమౌళి గ్రైండర్ కోసం చెయ్యి చాచాడు.